పలచటి పెట్టె

తిరిగొచ్చిన పెట్టెలు మూడూ బల్ల మీద ఉన్నాయి. మొదటిదాని మూత తీయగానే కాలిన వాసన వర్క్‌షాపంతా అలుముకుంది. సెవెన్ హిల్స్‌లో ఆ రేకుల షెడ్డు, ఈ దేశంలో ఎండాకాలమైన ఫిబ్రవరి నెలలో పొద్దున్నే పెనంలా కాలుతుంది. మూలన ఉన్న పెద్ద ఫ్యాను వేడిగాలినే అటు నుంచి ఇటు తోస్తోంది.

వాసుదేవరావు కళ్లజోడు నుదుటి మీదికి తోసుకుని పెట్టె మీద వంగాడు. అరవై దాటినా ఆయన చేతులు వణకవు. మీటరు మొనలు రెండూ ట్రాన్సిస్టర్ కాళ్లకి ఆనించి చూశాడు.

"షార్టయింది. లోపలి వోల్టేజీ అంతా తిన్నగా ప్రీయాంప్‌లోకి పోయింది. పాపం, ఆ కస్టమర్‌ది ఎంత మంచి ప్రీయాంపు!"

తాజ్ పక్కనే నిలబడి ఉన్నాడు. వాసుదేవరావు నడిపే 'లీలా ఆడియో'లో అతను ఇంజనీరు. పేరుకి కంపెనీయే గానీ ఉన్నది ఆ షెడ్డూ, నలుగురైదుగురు మనుషులూ. గ్రామఫోను రికార్డులు వినే పిచ్చి ఇంకా వదలని వాళ్లకోసం వాళ్లు చేసేది ఒక్కటే వస్తువు, పవర్ సప్లై పెట్టె. రికార్డు మీద ముల్లు పట్టే శబ్దం ఎంత సన్నగా ఉంటుందంటే, దాన్ని పెంచే ప్రీయాంప్‌లో గోడ కరెంటులోని రొద కాస్త కలిసినా పాట కింద ఒకటే గుయ్‌మని మోత. ఆ రొద లేకుండా కరెంటుని వడగట్టి ఇచ్చే పెట్టె అది. పాతికేళ్లుగా చేస్తున్న పెట్టెకి వెనకవైపు నల్లటి రెక్కలతో అల్యూమినియం దిమ్మ ఉండేది. లోపలి వేడి ఆ రెక్కల మీదుగా గాలిలోకి పోయేది. కిందటి నవంబరులో వాసుదేవరావు కొత్త పెట్టె గీశాడు. పలచగా, అందంగా, పుస్తకంలా అల్మరాలో ఇమిడిపోయేలా. రెక్కల దిమ్మ చిన్నదై లోపలికి పోయింది.

వాసుదేవరావు స్క్రూ విప్పి, ట్రాన్సిస్టర్ కిందకి స్క్రూడ్రైవర్ మొన దూర్చి మీటాడు. అంటుకుపోయి రాలేదు. ఇంకాస్త బలంగా మీటాడు. టిక్కుమని చిన్న చప్పుడైంది.

ట్రాన్సిస్టర్ ఊడి వచ్చింది. దాని కింద ఉండే పల్చటి మైకా ముక్క రెండుగా విరిగి ఉంది. ఆయన దాన్ని వేళ్లతో పట్టుకుని ట్యూబులైటుకేసి ఎత్తి చూశాడు.

"అదీ సంగతి. మైకా పగిలింది. ఇంత గట్టిగా బిగిస్తే పగలదూ?"

తాజ్ చూపు మైకా మీద లేదు. మైకాకి రాసిన తెల్ల పేస్టు ఎండిపోయి సుద్దలా రాలుతోంది. రెండు నెలల పెట్టెలో ఆ పేస్టు ఇంకా వెన్నలా ఉండాలి. ట్రాన్సిస్టర్ కాళ్ల చుట్టూ బోర్డు మాడిన రొట్టె రంగుకి తిరిగి ఉంది.

"సుగుణా, ఒకసారి ఇలా రామ్మా," అని పిలిచాడు వాసుదేవరావు.

సుగుణ సోల్డరింగ్ ఐరన్ స్టాండులో పెట్టి వచ్చింది. తెనాలి మనిషి, నలభై అయిదేళ్లుంటాయి. మొగవాళ్ల చొక్కా, నుదుట ఎర్ర బొట్టు, మెడలో తాడుకి వేలాడే కళ్లజోడు. వచ్చి విరిగిన మైకా ముక్కలు చూసింది.

"ఇది నీ బిగింపే కదా?"

"నేను బిగించిందేనండి. కానీ స్క్రూ వేలితో ఆగిన తర్వాత పావు తిప్పే తిప్పుతాను. తాజ్ గారు చూపించినట్టే." అని తాజ్ వైపు చూసింది.

తాజ్ మీటరు తీగలు చుడుతున్నాడు. చుట్టినవాటినే విప్పి మళ్లీ చుట్టాడు.

"మనిషన్నాక పొరపాటు జరుగుతుంది, నేనేం అనడం లేదు," అన్నాడు వాసుదేవరావు మెత్తగా. "రేపట్నుంచి ప్యాకింగ్‌లో కూర్చో. శుక్రవారం మెల్‌బోర్న్ నుంచి గ్రాహమ్ వచ్చి పెట్టెలన్నీ తీసుకెళ్తాడు. ఆ పని అయ్యాక ఆలోచిద్దాం."

సుగుణ ఇంకా తాజ్ వైపే చూస్తోంది. తర్వాత తన బల్ల దగ్గరికి వెళ్లి సోల్డరింగ్ ఐరన్ ప్లగ్గు తీసేసింది.

*

సాయంత్రం వాసుదేవరావు కారులోనే తాజ్ ఇంటికి బయల్దేరాడు. రోజూ అంతే. ఉండేది కూడా క్వేకర్స్ హిల్‌లో ఆయన ఇంటి పెరట్లో విడిగా కట్టిన చిన్న ఇంట్లో, గ్రానీ ఫ్లాట్‌లోనే. వీసా ఆయన స్పాన్సర్ చేసిందే. ఆ ఉద్యోగం లేకపోతే వీసా లేదు. వీసా లేకపోతే నెల తిరక్కుండా నంద్యాలకి టికెట్టు కొనుక్కోవాలి.

"లాయర్ ఫోన్ చేశాడు. నీ నామినేషన్ పేపర్స్ రెడీ అవుతున్నాయట," అన్నాడు వాసుదేవరావు సిగ్నల్ దగ్గర ఆగి. "నేను సైన్ చేసేస్తే ఆరేడు నెలల్లో పర్మనెంట్ వీసా వచ్చేస్తుంది. తర్వాత హ్యాపీగా ఉండొచ్చు."

"థాంక్సంకుల్."

"థాంక్స్ ఏంటోయ్. మా ఇంటి మనిషివి."

వీధి చివరి చిల్లర కొట్టు, మిల్క్ బార్ దగ్గర కారాపి, రెండు పాలసీసాలు కొని ఒకటి తాజ్ చేతికిచ్చాడు. అది కూడా రోజూ జరిగేదే.

గ్రానీ ఫ్లాట్ వంటింటి కిటికీ తెరిస్తే ఎదురుగా వాసుదేవరావు భార్య లీల ఆంటీ వంటిల్లు కనిపిస్తుంది. మధ్యలో కరివేపాకు చెట్టు, బట్టలారేసే ఇనుప గొడుగు. లీల ఆంటీ చాలా మంచి మనిషి. తాజ్ కూతురు ఇఫ్రాని స్కూల్లో దించేది ఆవిడే. జడ సరిగ్గా లేకపోతే విప్పి మళ్లీ తనే వేసి పంపిస్తుంది. తాజ్ భార్య ఆరిఫా పొయ్యి మీద ఏం పెట్టిందో వాసన పట్టి, దానికి పక్కన తినడానికి ఏదో ఒకటి గిన్నెలో తెస్తుంది. తలుపు కొట్టడం ఆవిడకి అలవాటు లేదు. ఫోను కూడా పెద్దింటి ఫోనుకే వేసిన రెండో తీగ. ఇక్కడ రిసీవర్ ఎత్తితే ఒక్కోసారి లోపల ఆవిడ గొంతే వినపడుతుంది.

"ఏంది, ముఖం అట్ల పెట్టినావు?" అంది ఆరిఫా గ్లాసులో టీ పోస్తూ.

తాజ్ కిటికీ వైపు చూశాడు. ఎదురుగా లీల ఆంటీ చిక్కుడుకాయలు ఒలుస్తోంది. తల ఎత్తి నవ్వింది.

"ఏం లేదు, ఎండ." అన్నాడు.

*

మరునాడు మధ్యాహ్నం వాసుదేవరావు బ్లాక్‌టౌన్‌లో పనుందని వెళ్లాడు. తాజ్ ప్యాకింగుకి సిద్ధంగా ఉన్న పెట్టెల్లోంచి ఒకటి తెచ్చి తన బల్ల మీద పెట్టాడు. దానికి ప్రీయాంప్ బదులు లావుపాటి రెసిస్టర్లు తగిలించి, వేరియాక్‌కి ప్లగ్గు పెట్టాడు. వేరియాక్ అంటే పైన ఉన్న గుండ్రటి పిడి తిప్పితే వోల్టేజీ పెరిగే, తగ్గే బరువైన యంత్రం.

కొత్త పెట్టెలోని ట్రాన్స్‌ఫార్మర్లు బయటి దేశం నుంచి వచ్చిన సరుకు. వాటి మీద 220 అని రాసి ఉంది. తాజ్ పిడిని 220 దగ్గర పెట్టి చాలాసేపు ఆగాడు. లోపలి దిమ్మ వేడెక్కింది, కానీ చెయ్యి పెట్టగలిగేంతే. తర్వాత మీటరు గోడ ప్లగ్గులో పెట్టి చూశాడు. 250 దాటి ఉంది. ఈ ఊళ్లలో అంతే వస్తుంది. పిడిని అక్కడిదాకా తిప్పి, ఇళ్లలో వాడినట్టే మూత బిగించి కూర్చున్నాడు.

పెట్టె ఇచ్చే కరెంటుని గీతగా చూపించే స్కోపు తెర మీద పచ్చటి గీత గీసినట్టు తిన్నగా నిలబడి ఉంది. ఎక్కడా వణుకు లేదు. ఆ గీతని చూస్తుంటే తాజ్‌కి ఎప్పుడూ బాగుంటుంది. ఇవాళ మాత్రం దాన్ని చూస్తూ గోరు కొరుక్కున్నాడు.

సుగుణ చేతిలో టేపు చుట్టతో వచ్చి వెనక నిలబడింది.

"తాజ్ గారూ, ఒక మాట అడుగుతాను. రెండేళ్లుగా ఇవి బిగిస్తున్నాను. ఇది లోపల ఏం చేస్తుందో ఎవరూ చెప్పలేదు, నేనూ అడగలేదు. నా చేత్తో నేనేం పాడుచేశానో తెలుసుకోవాలని ఉంది."

తాజ్ స్టూలు ఆమెకేసి జరిపాడు. పక్కనున్న మాడిన పెట్టెని దగ్గరికి లాగి చూపించాడు.

"గోడలో వచ్చే కరెంటు ముందుకూ వెనక్కూ ఊగుతా ఉంటాది కదక్కా. ఈ ట్రాన్స్‌ఫార్మర్ దాని బలం తగ్గిస్తాది. ఈ నాలుగు డయోడ్లు అంతా ఒకే దిక్కుకు పొయ్యేట్టు చేస్తాయి. అయినా ఎగుడుదిగుడు పోదు. ఈ డబ్బాల్లాంటి కెపాసిటర్లు ఎక్కువున్నప్పుడు నింపుకొని, తక్కువైనప్పుడు ఇస్తాయి. అప్పుడు కూడా కొంచెం అల మిగులుతాది. స్పీకర్లో గుయ్‌మనేది అదే."

"ఆ మిగిలిందాన్ని తీసేది?"

"ఇదిగో, నువ్వు బిగించే ట్రాన్సిస్టర్. పక్కన ఈ చిన్న జీనర్ ఉంది చూడు, అది కదలని కొలత. బయటికిపొయ్యే వోల్టేజీని ఈ సర్క్యూట్ ఆ కొలతతో పోల్చి చూస్తానే ఉంటాది. రవ్వంత పెరిగితే ట్రాన్సిస్టర్‌ని బిగిస్తాది, తగ్గితే వదులుతాది. లోపలికి ముప్పై రెండు వచ్చినా ముప్పై ఆరు వచ్చినా బయటికి మాత్రం ఇరవై నాలుగే."

"మరి మిగతాది ఏమవుతుంది?"

"వేడి అయితాది. అంతా ఈ ట్రాన్సిస్టర్ మీదే. ఆ వేడిని దిమ్మకి పంపల్ల, కరెంటుని మాత్రం దిమ్మకి తగలనీయకూడదు. అందుకే మధ్యలో మైకా పెట్టి, పేస్టు రాస్తాం."

సుగుణ కళ్లజోడు పెట్టుకుని వంగి చూసింది. "దిమ్మ పాతదాంట్లో సగం కూడా లేదు కదండీ."

తాజ్ జవాబు చెప్పేలోపే స్కోపు మీది గీత ఒక్క ఉదుటున పైకెగిరింది. పెట్టెలోంచి సన్నటి పొగ, నిన్నటి వాసన. తాజ్ స్విచ్చి ఆపేశాడు. మూత తీశాడు. ఇది ఆమె కట్టిన పెట్టె కాదు, కిందటి వారం తాజ్ తనే బిగించింది. స్క్రూ విప్పి, ట్రాన్సిస్టర్‌ని మీటకుండా నిదానంగా పక్కకి జరిపి తీశాడు. మైకా ముక్క నిండుగా ఉంది. పేస్టు ఎండి సుద్దయింది.

ఇద్దరూ దాన్నే చూశారు.

"అయితే నా తప్పు కాదు కదండీ?" అంది సుగుణ.

మాట చిన్నదే. అవునో కాదో చెప్పాలి, అంతే. బయట వాసుదేవరావు కారు గులకరాళ్ల మీద ఆగిన చప్పుడైంది.

"నేను అంకుల్‌తో మాట్లాడతాలే అక్కా," అన్నాడు తాజ్.

"ఆయనతో సరే. నాతో చెప్పండి."

తాజ్ పెట్టెని బల్ల కిందికి నెట్టాడు. సుగుణ టేపు చుట్ట వేలికి తగిలించుకుని వెళ్లిపోయింది.

ఆ సాయంత్రం కారులో తాజ్ రెండుసార్లు గొంతు సవరించుకున్నాడు. మొదటిసారి వాసుదేవరావు రేడియోలో వార్తల గొంతు పెంచాడు. రెండోసారి, "లీల మీ అందరికీ రాత్రికి పులిహోర చేస్తోంది," అన్నాడు.

*

శుక్రవారం దాకా కూడా ఆగకుండా, గురువారం మధ్యాహ్నమే వాసుదేవరావు సుగుణని ఆఫీసు గదిలోకి పిలిచాడు. అద్దం తలుపు కాబట్టి మాట వినపడదు, మనుషులు కనపడతారు. ఆయన చేతులు జోడించినంత మర్యాదగా మాట్లాడుతున్నాడు. ఆమె కూర్చోలేదు. బయటికి వచ్చి, కళ్లజోడూ, టిఫిను డబ్బా, బల్ల సొరుగులోని చిన్న స్క్రూడ్రైవరూ సంచీలో వేసుకుంది. ఆ స్క్రూడ్రైవర్ ఇంటి నుంచి తెచ్చుకున్నది. తాజ్ ముందు నుంచే నడిచి వెళ్లింది. వెళ్లొస్తానని అందరికీ చెప్పింది, అతనికి కూడా.

ఇంటికి వచ్చాక తాజ్ ఆరిఫాని స్నానాల గదిలోకి పిలిచాడు. ఆ ఫ్లాట్‌లో కిటికీ లేని గది అదొక్కటే. కుళాయి తిప్పి, జరిగిందంతా చెప్పాడు.

ఆరిఫా బకెట్టు అంచు మీద కూర్చుని వింది. "ఆమె మొగుడికి ఉద్యోగం లేదంటివి కదా?"

"రామానుజం గారిది వై టూ కే కాంట్రాక్టు. జనవరి ఒకటో తారీకు దాటినాక కంప్యూటర్లకు ఏం కాలేదని అందర్నీ పంపించేసినారు."

"నువ్వు చెప్తే మనల్ని కూడా పంపించేస్తారు."

"ఊఁ."

"ఇఫ్రా ఇప్పుడిప్పుడే టీచర్ చెప్పేది అర్థమవుతా ఉందంటాంది." కొంగుతో చేతులు తుడుచుకుంది. తడి లేదు, అయినా తుడుచుకుంది. "నేను చెప్పమనను, వద్దనను. కానీ ఒకటి చెప్తా విను. ఇక్కడికి వచ్చినప్పట్నుంచి నేను గట్టిగా తుమ్మింది లేదు. నువ్వేమో నీళ్ల చప్పుడు లేకుండా మాట్లాడలేకుండా ఉండావు."

పెరట్లోంచి లీల ఆంటీ కేక వినపడింది. "ఆరిఫా! కుళాయి కట్టేయడం మర్చిపోయినట్టున్నావమ్మా, నీళ్లు పోతున్నాయి!"

*

గ్రాహమ్ శుక్రవారం పొద్దున్నే వ్యాన్ వేసుకుని వచ్చాడు. పొట్టి నిక్కరు, దుమ్ము పట్టిన బూట్లు. అతనికి మెల్‌బోర్న్‌లో ఆడియో షాపుంది. వాసుదేవరావు తలుపు దాకా ఎదురెళ్లి భుజం మీద చెయ్యి వేసి తీసుకొచ్చాడు. పెట్టెలు గోడ వారగా పేర్చి ఉన్నాయి.

"ఆ మూడూ ఎందుకు పోయాయంటావు, వాసూ?" అని అడిగాడు గ్రాహమ్.

"పెట్టెలు బిగించే ఒకావిడ మైకా పగిలేలా స్క్రూలు మరీ గట్టిగా బిగించింది. ఆవిడ ఇప్పుడు లేదు. ఇక బెంగ లేదు."

గ్రాహమ్ తల ఊపి పై పెట్టె ఎత్తుకున్నాడు. వ్యాన్ వైపు రెండడుగులు వేసి, దారికి అడ్డంగా నిలబడ్డ తాజ్‌ని చూసి నవ్వాడు. "నువ్వూ చూశావు కదా, తాజ్? బాగానే ఉన్నాయిగా? మా కస్టమర్లు వీటిని ఒకసారి వేస్తే నెలల తరబడి ఆపరు."

మాట పొడిగించాలని అడిగింది కాదు. చాలామంది "బాగున్నావా" అని అడిగినట్టే అడిగాడు. "బాగున్నాయి" అంటే అతను నడిచి వెళ్లిపోయేవాడు. తాజ్ నోటిదాకా ఆ మాటే వచ్చింది. అద్దం గది అవతల సుగుణ బల్ల ఖాళీగా కనిపించింది.

"లేదు," అన్నాడు ఇంగ్లీషులో. "ఇవన్నీ పోతాయి. ట్రాన్స్‌ఫార్మర్ 220ది, మన కరెంటు 250. హీట్‌సింక్ చాలదు. బిగించినావిడ తప్పేం లేదు. నేను బిగించినది కూడా బుధవారం నా బల్ల మీదే కాలిపోయింది."

తన గొంతు తనకే కొత్తగా వినపడింది. పక్క బల్ల దగ్గర ఎవరో రేడియో తగ్గించారు.

గ్రాహమ్ వాసుదేవరావు వైపు చూశాడు. వాసుదేవరావు నుదుటి మీది కళ్లజోడు తీసి, అద్దాలు తుడిచి, మళ్లీ అక్కడే పెట్టుకున్నాడు. గ్రాహమ్ పెట్టెని తీసుకెళ్లి మళ్లీ దొంతర మీదే పెట్టాడు.

"సరిచేశాక ఫోన్ చెయ్యి, వాసూ," అని ఖాళీ వ్యాన్‌తో వెళ్లిపోయాడు.

సాయంత్రం తాజ్ రైలెక్కి పోదామనుకున్నాడు. కానీ వాసుదేవరావు కారు పక్క తలుపు తెరిచి పెట్టుకుని ఎదురు చూస్తున్నాడు. దారి పొడుగునా రేడియో లేదు. మిల్క్ బార్ దగ్గర ఎప్పటిలాగే దిగాడు, రెండు సీసాలు తెచ్చాడు, ఒకటి తాజ్ ఒళ్లో పెట్టాడు.

"పాలు," అన్నాడు. అంతే.

తాజ్ చెప్పింది విని ఆరిఫా మంచం కిందనుంచి సూట్‌కేసు లాగింది. గుడ్డతో దుమ్ము తుడిచి, చలికాలం బట్టలు ముందు సర్దింది. ఇఫ్రా వచ్చి, "ఆర్ వి గోయింగ్ ఆన్ హాలిడే?" అని అడిగింది.

శనివారం పెరట్లోకి ఎవరూ రాలేదు. గిన్నె రాలేదు. ఎదురింటి వంటింటి కిటికీ మూసి ఉంది. పొమ్మనే మాట ఎప్పుడు వస్తుందా అని తాజ్ పగలంతా తలుపు వైపు చూస్తూ కూర్చున్నాడు. సాయంత్రానికి, ఆ మాట త్వరగా వస్తే బాగుండుననిపించింది.

*

ఆదివారం పది గంటలప్పుడు వాసుదేవరావు తలుపు కొట్టాడు. ఇస్త్రీ చొక్కా వేసుకుని ఉన్నాడు. గది మధ్యలో తెరిచి ఉన్న సూట్‌కేసు చూశాడు, చూడనట్టు ముఖం తిప్పుకున్నాడు.

"తాజ్, నువ్వు డ్రైవ్ చెయ్యి. సుగుణ వాళ్లింటికి వెళ్లొద్దాం."

బ్లాక్‌టౌన్‌లో రైలు పట్టాల పక్కన ఎర్ర ఇటుకల ఫ్లాట్లు. పై అంతస్తులో రామానుజం తలుపు తీశాడు. లోపల టీవీలో క్రికెట్. వచ్చిందెవరో చూసి టీవీ కట్టేసి, కుర్చీ మీది బట్టలు ఎత్తి పక్కన పెట్టాడు. సుగుణ వంటింట్లోంచి చేతులు తుడుచుకుంటూ వచ్చింది.

వాసుదేవరావు కూర్చోలేదు.

"అమ్మా, నీ చేతిలో తప్పేం లేదు. ఆ డిజైన్ నాది. పదేళ్ల తర్వాత నేనే సొంతంగా గీసింది. మా వాళ్లంతా చూసి బాగుందన్నారు. అది కాలిపోతుందంటే నాకు ఒప్పుకోబుద్ధి కాలేదు." ఆగి, గాలి పీల్చుకున్నాడు. "మైకా కూడా నా స్క్రూడ్రైవర్ కిందే విరిగింది. ఆ చప్పుడు నాకూ వినపడింది. తాజ్ శుక్రవారం గ్రాహమ్ ముందు చెప్పేశాడు. నేను చెప్పాల్సింది."

రామానుజం నేల చూపులు చూస్తున్నాడు. గదిలో ఉన్న అందరి తరఫునా ఆయనే సిగ్గుపడుతున్నట్టుంది.

"రేపట్నుంచి వచ్చెయ్ అమ్మా. నీ బల్ల నీదే."

"మెట్లెక్కి వచ్చి చెప్పారు. మనసు తేలికపడిందండి," అంది సుగుణ. "నేను మాత్రం రాను."

"కోపమా?"

"కోపం కాదండి. అక్కడ కూర్చుంటే, స్క్రూ తిప్పే ప్రతిసారీ మీరు వెనక నిలబడి చూస్తున్నట్టే ఉంటుంది. ఆ భయంతో నిజంగానే పగలగొడతాను. హాస్పిటల్ లాండ్రీలో మనుషులు కావాలన్నారు, కనుక్కుంటున్నాను. కాఫీ తాగి వెళ్లండి."

కాఫీ తాగారు. రామానుజం వాసుదేవరావుని కింద కారు దాకా దిగబెట్టడానికి వెళ్లాడు. తాజ్ గుమ్మంలో చెప్పులు వేసుకుంటుంటే సుగుణ తలుపు పట్టుకుని నిలబడింది.

"గ్రాహమ్ అంత పెద్ద వ్యాపారి. ఆయన ముందు చెప్పడమంటే మాటలు కాదు, తాజ్ గారూ."

తాజ్ చెప్పు పట్టీ పెట్టుకోవడానికి వంగాడు.

"ఆయన అడిగితే చెప్పారు," అంది ఆమె. గొంతులో కోపం లేదు. "బుధవారం నేనూ అడిగాను కదా."

చెప్పు పట్టీ రెండుసార్లు జారింది. తాజ్ వంగినవాడు తల ఎత్తేసరికి ఆమె కాఫీ కప్పులు తీసుకుని లోపలికి వెళ్లిపోయింది.

తిరుగు దారిలో వాసుదేవరావు సీటు వెనక్కి వాల్చుకుని కూర్చున్నాడు. మొహంలో అలసట ఉంది, కొంచెం తేలికదనమూ ఉంది.

"రేపు లాయర్ దగ్గరికి వెళ్దాం. సైన్ చేసేస్తాను. హీట్‌సింక్ నువ్వు మళ్లీ గియ్యి, పాత సైజే పెట్టు."

"అంకుల్..."

"నిజం చెప్తున్నాను, శుక్రవారం నీ మీద చాలా కోపం వచ్చింది. లీల కూడా బాధపడింది. అయినా సొంతవాళ్ల మీద ఎంతసేపు కోపంగా ఉంటాం? నామినేషన్ తర్వాత ఇంకో రెండేళ్లు కంపెనీలో ఉండాలి, అంతేగా. ఉంటావు. ఇల్లు కూడా ఉంది. ఆ సూట్‌కేసు లోపల పెట్టించు."

ఏడాదిగా కోరుకుంటున్న మాట అది. తాజ్ గేరు మార్చాడు. బాగుందనిపిస్తుందేమోనని చూశాడు. రెండు సిగ్నళ్లు దాటినా అనిపించలేదు.

ఇంటికి వచ్చేసరికి ఆరిఫా మంచం మీద కూర్చుని ఉంది. అతని ముఖం చూసి ఏదో అడగబోయింది. తాజ్ చెయ్యి అడ్డం పెట్టాడు.

"నువ్వు అడగొద్దు. నేనే చెప్తా."

కుళాయి తిప్పలేదు. కిటికీ ముందే నిలబడి, సుగుణ గుమ్మంలో అన్న మాటతో సహా మొత్తం చెప్పాడు. రేపు సంతకం పెడతారని, రెండేళ్లు కదలడానికి లేదని కూడా చెప్పాడు. ఆరిఫా సూట్‌కేసులోంచి ఇఫ్రా స్వెట్టర్ తీసింది, మడత విప్పింది, మళ్లీ మడిచి ఒళ్లో పెట్టుకుంది.

"పనికి పోక తప్పదు, పో," అంది చివరికి. "ఇక్కడ మాత్రం ఉండొద్దు."

"ఊఁ. అదే."

ఎదురింటి కిటికీ తెరుచుకుంది. "తాజ్! ఆరిఫా! భోజనానికి రండమ్మా, గుత్తొంకాయ చేశాను!" లీల ఆంటీ గొంతు ఎప్పటిలాగే ఉంది, శనివారమే లేనట్టు.

తాజ్ పెరడు దాటి వెళ్లాడు. గుమ్మం దగ్గర ఆగి, తెరిచి ఉన్న తలుపే అయినా వేలితో కొట్టాడు. లీల ఆంటీ తిరిగి చూసి, "అదేంటి, కొత్తగా?" అని నవ్వింది. వాసుదేవరావు అప్పటికే కంచం ముందు కూర్చుని ఉన్నాడు.

"ఆంటీ, అంకుల్, మీకు ఒకటి చెప్పల్ల. పనిలో ఉంటాను. ఇల్లు మాత్రం మారతాం. స్టేషన్ దగ్గర ఏదైనా చిన్న యూనిట్ చూసుకుంటాం."

లీల ఆంటీ చేతిలోని గరిటె గిన్నె అంచు మీద ఆగింది. నవ్వు ఇంకా పూర్తిగా పోలేదు.

"ఎందుకయ్యా? నీకు గానీ, ఆరిఫాకి గానీ, పిల్లకి గానీ మేమేం తక్కువ చేశాం?"

"ఏమీ తక్కువ చేయలేదాంటీ," అన్నాడు తాజ్. "అందుకే."

ఆవిడకి అర్థం కాలేదు. భర్త వైపు చూసింది. వాసుదేవరావు అన్నంలో వేలు పెట్టి, కలపకుండా అలాగే కూర్చున్నాడు. కాసేపటికి పక్కనున్న ఖాళీ కుర్చీని కాలితో కొంచెం వెనక్కి జరిపాడు.

"భోంచేసి మాట్లాడదాం. కూర్చో," అన్నాడు.

"ఆరిఫా అక్కడే వండింది అంకుల్," అన్నాడు తాజ్. ఇంకా ఏమీ వండలేదు. మెట్లు దిగి, కరివేపాకు చెట్టు పక్కనుంచి నడుచుకుంటూ వెనక్కి వచ్చేశాడు.